జర్మన్ మాటలు నిలవట్లేదా? బొమ్మ పద్ధతి ఎక్కడ కారుతోందో చూద్దాం

ఏ1, అంటే జర్మన్ పరీక్షల్లో మొదటి మెట్టు, వరకు బట్టీ పట్టి లాక్కొచ్చేయొచ్చు. గోథె ఇన్‌స్టిట్యూట్ ఏ1 జాబితాలో ఉన్నవి సుమారు 650 మాటలే, ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పేసి పాసైనవాళ్ళు నాకు బోలెడంత మంది తెలుసు. మూడో మెట్టు బీ1 జాబితా సుమారు 2400. అక్కడ బట్టీ చేతులెత్తేస్తుంది. అప్పుడు అందరూ కీవర్డ్ పద్ధతి మొదలుపెడతారు, అంటే విదేశీ మాటకి దగ్గరగా వినిపించే మన మాట ఒకటి పట్టుకుని, దాన్నీ అర్థాన్నీ కలిపి ఒక బొమ్మ ఊహించుకోవడం. రెండు వారాలు జోరుగా నడుస్తుంది, తర్వాత "నాకిది పడదులే" అని వదిలేస్తారు. పద్ధతి తప్పేం కాదు, ఎక్కడో ఒకచోట కారుతుంటుంది. ఆ చోటు చూసుకోకుండా ఇంకో యాప్ దించుకుంటే ఏం లాభం?

ముందు చిన్న పరీక్ష. నిన్న నేర్చుకున్న పది మాటలు తీసుకోండి. జర్మన్ చూసి తెలుగు చెప్పండి, తర్వాత తెలుగు చూసి జర్మన్ చెప్పండి, మనసులో కాదు, పైకి. ఎక్కడ తడబడ్డారో దాన్నిబట్టి కింద వెతుక్కోండి.

సమస్య: బొమ్మ గుర్తుంది, అర్థం ఎగిరిపోయింది

"రేగెన్... రేగుపళ్ళు అనుకున్నా, అది గుర్తుంది, కానీ దేనికి అనుకున్నా?"

కారణం: మీ బొమ్మలో రేగుపళ్ళున్నాయి, అర్థం లేదు. లేదా ఉన్నా పక్కన ఊరికే నిలబడి ఉంది. ప్లేటులో రేగుపళ్ళు, కిటికీ బయట వాన అని ఊహించుకుంటే రెండూ ఒకదాన్నొకటి తాకవు, ఒకటి గుర్తొస్తే రెండోది ఎందుకొస్తుంది?

పరిష్కారం: రెండింటినీ ఒకే పనిలో ఇరికించండి. నా బొమ్మ ఇది. భోగి సాయంత్రం, పీట మీద నేను, మా అమ్మమ్మ దోసిలితో నెత్తిన భోగిపళ్ళు పోస్తోంది, దోసిలి ఖాళీ అయినా పళ్ళు ఆగట్లేదు, పైనుంచి పడుతూనే ఉన్నాయి, పేరంటాళ్ళందరూ గొడుగులు తీశారు, చిల్లర నాణేలు గొడుగుల మీద టపటపమంటున్నాయి. రేగెన్ అంటే వాన. ఇక మర్చిపోమన్నా మర్చిపోలేను. మీ ఇంట్లో భోగిపళ్ళ అలవాటు లేకపోతే ఈ బొమ్మ మీకు సగమే పనిచేస్తుంది, మీది మీరే కట్టుకోవాలి. నెట్‌లో దొరికే రెడీమేడ్ బొమ్మలు మనకి అంతగా అంటకపోవడానికి కారణం కూడా ఇదే, అవన్నీ ఇంగ్లీషు శబ్దాల మీద, ఇంకెవరి చిన్నతనం మీదో కట్టినవి.

సమస్య: అర్థం వస్తోంది, ఉచ్చారణ మాత్రం తెలుగైపోతోంది

చెంచాని జర్మన్‌లో లొఫెల్ అంటారు. నోటి "లోపల" పెట్టుకునేది కాబట్టి లోపల, లొఫెల్ అని కట్టుకున్నా, చాలా తెలివైన పని చేశాననుకున్నా కూడా. హాస్టల్ వంటగదిలో పప్పు అడుగంటుతుంటే పక్కనున్న జర్మన్ అమ్మాయిని గరిటె అడగబోయి "లోపల్, లోపల్" అని అరిచా. ఆ అమ్మాయి నా వైపు, పప్పు వైపు, మళ్ళీ నా వైపు చూసి కిటికీ తెరిచింది.

కారణం: తెలుగు మాట అసలు మాట దగ్గరికి దారి చూపాలి, అంతే. నేను అసలు మాటని సరిగ్గా వినకముందే బొమ్మ కట్టేశా, దాంతో దారే ఇల్లయిపోయింది.

పరిష్కారం: ముందు ఆడియో నాలుగైదు సార్లు విని, అలాగే పలికి, ఆ తర్వాతే బొమ్మ. లొఫెల్‌లో మొదటి అచ్చు మన దగ్గర లేదు. నాలుకతో "ఎ" అంటూ పెదాలు మాత్రం "ఒ"కి చుట్టండి, వస్తుంది. అలాగే నాలుకతో "ఈ", పెదాలతో "ఊ" అంటే ఇంకో అచ్చు. ఈ తేడా తేలిగ్గా తీసుకోకండి, ఓకారం సాగదీసి "షోన్" అంటే "అప్పటికే", అందులో ఓకారాన్నే ఇలా ఏకారంతో కలిపి పలికితే "అందమైన".

సమస్య: చదివితే తెలుస్తుంది, మాట్లాడబోతే రాదు

ఒకవైపు జర్మన్, ఇంకోవైపు తెలుగు రాసుకున్న కార్డులు ఒకే వైపు నుంచి తిప్పుతున్నారు, అంతకుమించి ఏం లేదు. రేగెన్ అని వినగానే రేగుపళ్ళు వస్తాయి, కానీ వాన చూసినప్పుడు రేగుపళ్ళు రావాలంటే ఆ దారిలో విడిగా నడవాలి. తెలుగు వైపు నుంచి, వీలైతే ఫొటో వైపు నుంచి కూడా కార్డు పెట్టండి. నోరు తెరిచి చెప్పాకే తిప్పండి.

సమస్య: డేర్, డీ, డాస్ కలగాపులగం

నామవాచకం ముందు పెట్టే ఈ చిన్న మాటలు దాని లింగాన్ని చెప్తాయి. జర్మన్ వాళ్ళకి చెంచా మగ (డేర్), ఫోర్కు ఆడ (డీ), కత్తి రెండూ కాదు (డాస్). ఒకే సొరుగులో మూడు లింగాలు! మనకి అమ్మాయైనా బస్సైనా "వచ్చింది" అంటే సరిపోతుంది, వస్తువుల్లో మగా ఆడా వెతికే అలవాటు లేదు, అందుకే మెదడు ఆ ముక్కని చెత్త కింద లెక్కేసి పారేస్తుంది.

పరిష్కారం: లింగాన్ని కూడా బొమ్మలోకి లాగండి. నా లెక్కలో డేర్ అయితే మండుతుంది, డీ అయితే నీళ్ళలో తడిసిపోతుంది, డాస్ అయితే ఐసుగడ్డలో ఇరుక్కుంటుంది. చెంచా ఎర్రగా కాలి నోరు చుర్రుమంది. ఫోర్కు నూతిలో పడింది. కత్తి డీప్ ఫ్రీజర్‌లో అతుక్కుపోయింది. అన్ని మాటలకీ ఇంత శ్రమ అక్కర్లేదు లెండి, "ఉంగ్", "హైట్", "కైట్"తో ముగిసే నామవాచకాలు డీ, "షెన్" అనే, చిన్నది అని చెప్పే ప్రత్యయం తగిలితే డాస్. అమ్మాయిని అనే "మేడ్‌షెన్" డాస్ కావడానికి కారణం ఆ తోకే.

ఇక బారెడు సమాసాలు చూసి భయపడేవాళ్ళకి ఒక మాట. స్కూల్లో విగ్రహవాక్యాలు రాశాం కదా, ఇక్కడ అదే పని. హాండ్ అంటే చెయ్యి, షూ అంటే బూటు, హాండ్‌షూ అంటే చేతికి తొడిగే బూటు, అంటే గ్లౌజు. క్యూల్ ష్రాంక్ చల్లటి బీరువా, ఫ్రిజ్. లింగం ఎప్పుడూ చివరి మాటదే, కాబట్టి చివరిదాని ఒక్కదాని లింగం తెలిస్తే చాలు.

సమస్య: వారం తిరక్కుండానే మర్చిపోతున్నా

బొమ్మ కట్టాక మళ్ళీ చూడక్కర్లేదని ఎవరో చెప్పుంటారు. 1975లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ ఆట్కిన్సన్, ఆయన సహచరుడు కలిసి ఇంగ్లీషు మాట్లాడే విద్యార్థులకి 120 రష్యన్ మాటలు నేర్పి చూశారు. కీవర్డ్ వాడినవాళ్ళకి 72 శాతం గుర్తున్నాయి, వాడనివాళ్ళకి 46. ఆరు వారాల తర్వాత అడిగితే 43, 28. ముందున్నవాళ్ళు ముందే ఉన్నారు, కానీ వాళ్ళకీ మొత్తం మాటల్లో సగం కూడా మిగల్లేదు.

కారణం: నేర్చుకున్నారు, తిరిగి అడగలేదు. అష్టావధానం చూసే ఉంటారు. అవధాని ఒక పృచ్ఛకుడికి ఒక పాదం చెప్పి ఇంకొకరి దగ్గరికి వెళ్తాడు, మధ్యలో అప్రస్తుత ప్రసంగి ఏదో పిచ్చి ప్రశ్న వేస్తాడు, మళ్ళీ మొదటివాడి దగ్గరికి వచ్చేసరికి పాత పాదం తవ్వి తీయాల్సిందే. ఆ తవ్వడమే మనకీ కావాల్సింది.

పరిష్కారం: ఆంకీ లాంటి కార్డుల యాప్‌లో రోజూ కాస్సేపు. మొదట్లోనే రోజుకి 20 కొత్త కార్డులు పెట్టుకుని పదిహేను రోజులకి వందల కార్డులు పేరుకుపోయి పారిపోకండి, ఎనిమిది చాలు. ఒకే కార్డు ఎనిమిది సార్లు తప్పితే ఆంకీ దానికి జలగ అని పేరు పెడుతుంది, సరైన పేరే. జలగని మళ్ళీ మళ్ళీ తిప్పకండి, బొమ్మ మార్చండి. నా జలగల్లో సగం ఒకేలా వినిపించే గుంపులుగా తేలాయి. క్యూషె వంటగది, కూఖెన్ కేకు, కిర్షె చర్చి, మూడూ ఒకే వారంలో నేర్చుకున్న పాపం. ఒకటి స్థిరపడ్డాకే రెండోది ముట్టుకోండి.

సమస్య: ఇంగ్లీషు అడ్డొస్తోంది

గిఫ్ట్ అంటే విషం. షెఫ్ అంటే బాసు. బెకొమ్మెన్ అంటే అవ్వడం కాదు, పొందడం. వీటికి కీవర్డు వద్దు, ఇంగ్లీషు అర్థాన్నే వెటకారం చేయండి, పుట్టినరోజు గిఫ్ట్ విప్పితే ఎండ్రిన్ డబ్బా ఉన్నట్టు.

సమస్య: "అయినా", "అందుకని" లాంటి వాటికి బొమ్మే కుదరట్లేదు

కుదరదు, కుస్తీ పట్టకండి. నేను "ట్రోట్స్‌డేమ్"కి వారం రోజులు బొమ్మ వెతికి ఓడిపోయా. ఇలాంటివి వాక్యంతోనే లోపలికి పోతాయి, అది కూడా మీరు నిజంగా వాడే వాక్యమైతేనే. "ఎస్ రేగ్నెట్, ట్రోట్స్‌డేమ్ గేయె ఇష్." వాన పడుతోంది, అయినా వెళ్తున్నా. ఇక్కడ ఏడాదిలో సగం రోజులు బూట్లు వేసుకుంటూ ఇదే అనుకుంటా.