బ్లాక్‌బెర్రీ 7290లో పాత మెయిల్స్ మాయం: నా అనుభవం

మెయిల్స్ చూసుకునే బ్లాక్‌బెర్రీ 7290 ఫోన్ చేతికొచ్చిన కొత్తలో బయటి సాఫ్ట్‌వేర్ కనిపించిందల్లా ఎక్కించేశాను. వాతావరణం, డిక్షనరీ, మూడు నాలుగు గేమ్స్. వారం తిరక్కుండానే పక్కనున్న చక్రం తిప్పితే కర్సర్ ఆగి ఆగి కదలడం మొదలైంది. దానితో సర్దుకుపోవచ్చు. కానీ నెల కిందటి మెయిల్స్ ఒక్కటీ లేవు! నిజంగా టెన్షన్ పట్టుకుంది.

తప్పు మెయిల్ సర్వర్‌ది కాదు. ఇందులో ఫ్లాష్ మెమరీ మొత్తం 32 ఎంబీ. ప్రోగ్రాములు, మెయిల్స్, అడ్రస్ బుక్ అన్నీ అందులోనే ఇమడాలి. చోటు మరీ తగ్గితే ఫోన్ తనంతట తానే పాత మెయిల్స్ తీసేస్తుంది. ఆప్షన్స్‌లో స్టేటస్ తెరిచి ‘ఫైల్ ఫ్రీ’ (మిగిలిన ఖాళీ చోటు) అంకె చూశాక విషయం అర్థమైంది.

అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో అప్లికేషన్స్‌కి వెళ్లి గేమ్స్ అన్నీ డిలీట్ చేశాను. అంకె కదల్లేదు. ఫోన్ రీస్టార్ట్ అవ్వాలని వెనక మూత తీసి, బ్యాటరీ బయటికి లాగి మళ్లీ పెట్టాను. ఫోన్ లేవడానికి చాలాసేపు పట్టింది, కానీ అప్పుడు అంకె పెరిగింది. చక్రం తిప్పితే కర్సర్ కూడా మునుపటిలా చకచకా కదిలింది. డిక్షనరీ మాత్రం ఉంచుకున్నాను, అది లేకపోతే నాకు గడవదు.

పోయిన మెయిల్స్ ఫోన్‌లోకి తిరిగి రాలేదు. కంప్యూటర్ ఇన్‌బాక్స్‌లో ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. అప్పటి నుంచి ఏది ఎక్కించినా ముందూ తర్వాతా ఆ అంకెను కాగితం మీద రాసుకోవడం అలవాటు చేసుకున్నాను.