యాంప్‌లో దాగిన బూస్ట్ మీ బాస్‌ని ఏం చేస్తోందో కొలిచి చూడండి

పాత పవర్డ్ సబ్‌వూఫర్‌లోంచి (లోపలే యాంప్ ఉండే బాస్ పెట్టె) యాంప్ బోర్డు తీసి ఇంకో వూఫర్‌కి (బాస్ పాడే స్పీకర్) కట్టడం, లేదా వూఫర్ కాలిపోయిందని అదే సైజుది కొత్తది తెచ్చి బిగించడం చాలామంది చేసే పనే. పాడటం పాడుతుంది. కానీ బాస్ అంతా ఒకే నోట్ మీద బుంయ్‌మంటుంది, లేదంటే వాల్యూమ్ కాస్త పెంచగానే కోన్ టపటపా కొట్టుకుంటుంది. అప్పుడు వూఫర్‌నో బాక్స్‌నో తిట్టుకుంటాం గానీ, ముందు అనుమానించాల్సింది యాంప్‌ని. పవర్డ్ స్పీకర్‌లో ఉండే యాంప్ లోపలికొచ్చిన సిగ్నల్‌ని ఉన్నదున్నట్టు పెంచి పంపదు. ఒకరి కొలతలకి కుట్టిన చొక్కాలాగా, ఆ ఒక్క వూఫర్‌కి, ఆ ఒక్క బాక్స్‌కి సరిపోయేలా బాస్‌ని ముందే దిద్ది పంపుతుంది.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1968లో వచ్చిన బోస్ 901 స్పీకర్లతో పాటు వేరే పెట్టెలో ఒక ఈక్వలైజర్ ఇచ్చేవాళ్లు, అది పెట్టకుండా మామూలు యాంప్‌కి కడితే అటు బాస్, ఇటు ట్రెబుల్ రెండూ పల్చగా వినిపించేవి. ఇప్పుడు ఆ పెట్టె యాంప్ బోర్డు మీదికే, చాలాసార్లు ఒక చిన్న డీఎస్పీ (సౌండ్‌ని అంకెల్లో దిద్దే) చిప్‌లోకి వెళ్లిపోయింది, అంతే తేడా.

అసలు ఎందుకు దిద్దాలి? గాలి బయటికి పోని సీల్డ్ బాక్స్‌లో రెజొనెన్స్ (వూఫర్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ) కిందికి వెళ్తే సౌండ్ ఆక్టేవ్‌కి, అంటే ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ, 12 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది, పోర్ట్ (గాలి బయటికొచ్చే గొట్టం) ఉన్న బాక్స్‌లో ట్యూనింగ్ (ఆ గొట్టంలో గాలి గట్టిగా ఊగే ఫ్రీక్వెన్సీ) కింద ఆక్టేవ్‌కి 24. 60 హెర్ట్జ్ రెజొనెన్స్ ఉన్న సీల్డ్ బాక్స్ 30 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి సుమారు 12 డెసిబెల్స్ తగ్గిపోతుంది. దాన్ని యాంప్‌తో పైకి లేపొచ్చు, లేపుతారు కూడా, కానీ 12 డెసిబెల్స్ అంటే 16 రెట్ల పవర్. మామూలుగా 5 వాట్స్ సరిపోయే చోట 80 వాట్స్ కావాలి. పైగా ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ అంతే సౌండ్ రావాలంటే కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి. అందుకే బూస్ట్‌తో పాటు, కింద ఒక హద్దు దాటాక సిగ్నల్‌ని కత్తిరించే సబ్‌సోనిక్ ఫిల్టర్ కూడా పెడతారు. అనలాగ్ బోర్డుల్లో తరచూ ఈ రెండూ ఒకే ఫిల్టర్ చేసే పని: హై పాస్ ఫిల్టర్ (కింది ఫ్రీక్వెన్సీలని ఆపి పైవాటిని వదిలేది) క్యూ విలువని, అంటే కటాఫ్ (కోత మొదలయ్యే ఫ్రీక్వెన్సీ) దగ్గర అది ఎంత పదునుగా లేస్తుందో చెప్పే అంకెని, 2 దాకా పెంచితే అక్కడ 6 డెసిబెల్స్ గుట్ట లేస్తుంది, దాని కింద నిటారుగా పడిపోతుంది. ఒకటి ఉంచి ఇంకోటి తీసేద్దామంటే కుదరదు, రెండూ కలిసే వస్తాయి, కలిసే పోతాయి.

ఇక కొలవడం. దీనికి మైక్ అక్కర్లేదు, మల్టీమీటర్, ఫోన్, టోన్ జనరేటర్ యాప్ ఉంటే చాలు. ఫోన్‌లో ఈక్వలైజర్, సరౌండ్ లాంటివన్నీ ఆపేయండి. సబ్ వెనక ఉన్న క్రాసోవర్ నాబ్‌ని (పై ఫ్రీక్వెన్సీలని ఎక్కడ కత్తిరించాలో చెప్పేది) పూర్తిగా పైకి తిప్పండి, లేకపోతే అది కత్తిరించేది కూడా లెక్కలోకి వచ్చి అంతా తికమక అవుతుంది. మీటర్‌ని ఏసీ వోల్ట్స్‌లో పెట్టండి. 200 వోల్ట్స్ రేంజ్ మాత్రమే ఉన్న చౌక మీటర్ ఇక్కడ పనికిరాదు, ఒకట్రెండు వోల్ట్స్‌ని రెండు దశాంశాల వరకూ చూపించేది కావాలి. యాంప్ జోలికి వెళ్లే ముందు ఫోన్ హెడ్‌ఫోన్ అవుట్‌పుట్‌నే 20 నుంచి 100 హెర్ట్జ్ దాకా కొలిచి చూడండి. అన్ని చోట్లా దాదాపు ఒకే అంకె రావాలి. రాకపోతే తేడా మీ ఫోన్‌దో మీటర్‌దో అన్నమాట, ఆ తేడాని రాసిపెట్టుకుని తర్వాత సరిచేసుకోవచ్చు.

తర్వాత మీటర్ ప్రోబ్స్ వూఫర్ టెర్మినల్స్ మీద పెట్టి, వాల్యూమ్ తక్కువలో ఉంచి, 100, 80, 63, 50, 40, 30, 25, 20 ఇలా ఒక్కో టోన్ వదులుతూ వోల్టేజ్ రాసుకోండి. ప్రోబ్స్ వూఫర్ టెర్మినల్స్ దగ్గరే ఆగాలి, పవర్ సప్లై వైపు వెళ్లకూడదు, ప్లగ్ పీకేసినా అక్కడి కెపాసిటర్లలో చార్జ్ కొంతసేపు ఉంటుంది. ఇంకో సంగతి, ఇది చాలా ముఖ్యం: మీటర్ బదులు కంప్యూటర్ సౌండ్‌కార్డ్‌తో కొలుద్దామనుకుంటే ఆగండి. క్లాస్ డీ బోర్డులు (తక్కువ వేడెక్కే చిన్న యాంప్‌లు) చాలావరకు బ్రిడ్జ్‌డ్ అవుట్‌పుట్‌తో వస్తాయి, అంటే రెండు టెర్మినల్స్‌లో ఏదీ గ్రౌండ్ కాదు, సౌండ్‌కార్డ్ గ్రౌండ్‌ని దానికి తగిలిస్తే ఒకవైపు షార్ట్ అయి బోర్డే పోవచ్చు. బ్యాటరీతో నడిచే చేతి మీటర్‌కి ఆ సమస్య లేదు.

మాటవరసకి 100 హెర్ట్జ్ దగ్గర 1 వోల్ట్, 50 దగ్గర 1.6, 40 దగ్గర 2, 30 దగ్గర 1.4, 20 దగ్గర 0.4 వచ్చాయనుకుందాం. వోల్టేజ్ రెట్టింపు అంటే 6 డెసిబెల్స్, కాబట్టి ఈ యాంప్ 40 దగ్గర 6 డెసిబెల్స్ లేపుతోంది, 20 దగ్గర 8 డెసిబెల్స్ కోస్తోంది. మీ వూఫర్ ఎంత మంచిదైనా, ఏ కంపెనీదైనా, ఈ గీత దాని మీద పడి తీరుతుంది.

ఇప్పుడు బాక్స్ సంగతి. పోర్ట్ ఉన్న బాక్స్ ఎక్కడ ట్యూన్ అయిందో కళ్లతోనే పట్టుకోవచ్చు. అవే టోన్లు తక్కువ వాల్యూమ్‌లో 80 నుంచి కిందికి దించుతూ కోన్‌ని పక్కనుంచి చూడండి. కదలిక పెరుగుతూ పెరుగుతూ వచ్చి, ఒకచోట కోన్ దాదాపు ఆగిపోయినట్టవుతుంది, అప్పుడు చెయ్యి పోర్ట్ దగ్గర పెడితే గాలి బాగా కొడుతుంది. అదే ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీ. ఇంకా కిందికి వెళ్తే కోన్ మళ్లీ విపరీతంగా ఊగుతుంది, సౌండ్ మాత్రం రాదు, ఎందుకంటే పోర్ట్‌లోంచి వచ్చేది కోన్ నుంచి వచ్చేదాన్ని కొట్టేస్తుంది. మీ యాంప్ గుట్ట ట్యూనింగ్ దగ్గరే ఉంటే అదృష్టం, ఆ ఫ్రీక్వెన్సీలో కోన్ దాదాపు కదలదు కాబట్టి బూస్ట్ భారం దాని మీద పడదు. గుట్ట 40 దగ్గర ఉండి బాక్స్ 55 దగ్గర ట్యూన్ అయితేనే ముప్పు, బూస్ట్ అంతా కోన్‌ని ఊపడానికే పోతుంది, టపటపలు అక్కడివే. గుట్ట ట్యూనింగ్ కంటే పైన, బాక్స్ బాగా పాడే చోట పడితే ఆ ఒకే నోట్ బుంయ్‌మనే జబ్బు వస్తుంది.

సరిచేయడానికి దారులున్నాయి. పోర్ట్ గొట్టం పొడవు పెంచితే ట్యూనింగ్ కిందికి దిగుతుంది, టపటపల కేసుకి అదే సరైన మందు. బుంయ్‌మనే కేసులో సోర్స్ వైపు పారామెట్రిక్ ఈక్వలైజర్‌తో (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత అని మనమే ఎంచుకోగలిగేది) అదే ఫ్రీక్వెన్సీలో అంతే తగ్గించండి, గుట్ట చదునవుతుంది. కానీ యాంప్ కత్తిరించిన 20, 25 హెర్ట్జ్‌ని ఈక్వలైజర్‌తో తిరిగి లేపాలని మాత్రం చూడకండి, ఆ కోత వూఫర్‌ని కాపాడటానికి పెట్టింది. రెండూ కుదరకపోతే బోర్డుని పక్కన పెట్టి మామూలు యాంప్, దానికి ముందు విడిగా ఒక డీఎస్పీ పెట్టుకోవడమే నా సలహా. ఖర్చు ఎక్కువే, అయినా మీ వూఫర్‌కి తగ్గ గీత మీరే గీసుకోవచ్చు.

డీఎస్పీ బోర్డులైతే ఒక్కసారి కొలిచి ఊరుకుంటే సరిపోదు. వాల్యూమ్ పెరిగేకొద్దీ బూస్ట్‌ని తగ్గించుకుంటూ పోయేవి వాటిలో చాలా ఉన్నాయి. తక్కువ సౌండ్‌లో చెవికి బాస్ తక్కువ వినిపిస్తుందని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ చూపించారు కాబట్టి అక్కడ ఎక్కువ ఇస్తారు, పైకి వెళ్లాక వూఫర్ తట్టుకోలేదని లిమిటర్ (సిగ్నల్ హద్దు దాటకుండా చూసే భాగం) పట్టి ఆపుతుంది. అందుకే ఒకసారి తక్కువలో కొలిచాక, 100 హెర్ట్జ్ వోల్టేజ్ రెట్టింపయ్యేలా పెంచి మళ్లీ కొలవండి, వూఫర్ ఇబ్బంది పడనంతవరకు ఇంకోసారి కూడా. ప్రతి టోన్‌కీ అంకె రెట్టింపైతే లిమిటర్ ఇంకా పనిలోకి దిగలేదని అర్థం. 100 దగ్గర రెట్టింపై 40 దగ్గర 2 నుంచి 2.5కే వెళ్లి ఆగిందంటే అదే దాని హద్దు, ఆ తర్వాత మీరు వాల్యూమ్ ఎంత తిప్పినా పెరిగేది పై బాస్, గొంతులే. కొత్త వూఫర్ పాతదానికంటే పెద్దదీ బలమైనదీ అయినా ఆ హద్దు జరగదు, ఎందుకంటే చిప్‌కి తెలిసింది పాత వూఫర్ ఓపిక మాత్రమే.