బల్ల కింద ఫోను

గుంటూరు బ్రాడీపేటలో పదో తరగతి పిల్లలకు సాయంత్రం లెక్కల ట్యూషన్ చెబుతాను. దసరా సెలవుల తర్వాత ఒకడు చేరాడు. నేను బోర్డు మీద వర్గ సమీకరణం చేస్తుంటే వాడు బల్ల కింద ఫోను చూసేవాడు. లోపల పెట్టమంటే, "డబ్బులు కడుతున్నాంగా సార్" అన్నాడు. మిగతావాళ్లు కిసుక్కున నవ్వారు. నేనూ అరిచేశాను, తప్పే. రాత్రి వాళ్లమ్మగారి ఫోను: "అందరిలో తిడతారా మాస్టారూ? మీ దగ్గర చేరాకే వాడికి మార్కులు తగ్గాయి." ఫీజు మాత్రం రెండు నెలలు బాకీ!

మర్నాడు వాణ్ణొక్కణ్ణే అరగంట ముందు రమ్మన్నాను. మైనస్ మూడులోంచి మైనస్ ఐదు తీసెయ్యమంటే మైనస్ ఎనిమిది అని రాశాడు. నా మొహం చూసి, చెరిపి ప్లస్ ఎనిమిది చేశాడు. రావాల్సింది ప్లస్ రెండు. ఆరేడు తరగతుల్లో రావాల్సిన లెక్క. నేను పొగరనుకున్నదాంట్లో సగం సిగ్గే. గచ్చు మీద సుద్దముక్కతో సంఖ్యారేఖ గీసి, వాణ్ణే దానిమీద ముందుకీ వెనక్కీ నడిపించాను. వారం రోజులు అదే పని.

ఫోన్లకి గుమ్మం దగ్గర ఓ బుట్ట పెట్టాను, నాదీ అందులోనే. అమ్మగారికి ఓ నోటుబుక్కు: తేదీ, చేసిన లెక్కలు, చెయ్యని హోంవర్కు, పక్కన ఆవిడ సంతకం. "హోంవర్కు చెయ్యలేదు" అన్న వరసకి మూడుసార్లు సంతకం పెట్టాక రాత్రి ఫోన్లు ఆగాయి.

ఫీజు 5వ తేదీలోపు ఇవ్వాలని ఇప్పుడు చేరేటప్పుడే చెబుతున్నాను, మొహమాటంగానే ఉంటుంది. ఆ బాకీలో ఒక నెల వచ్చింది. రెండోదానికి నీళ్లొదులుకున్నాను.