సెమిస్టరు సమయం – మూడో పాఠం: ముక్క గంటలకు తగిన పని

కిందటి పాఠంలో ఒక వారం పాటు ఏ గంట ఎలా గడిచిందో కాగితం మీద రాయమన్నాం. రాసినవాళ్లు దాన్ని ముందు పెట్టుకోండి. రాయనివాళ్లు కనీసం నిన్నటి రోజునైనా పొద్దుట లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఇప్పుడే రాసేయండి. ఆ కాగితం చేతిలో లేకపోతే ఈ పాఠం వల్ల పెద్ద ఉపయోగం ఉండదు.

గోదావరి డెల్టాలో ఇంటి దగ్గర్నుంచి కాలేజీకి వెళ్లొచ్చేవాళ్ల కాగితాలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఉదాహరణకి రాజోలులో ఏడుంబావుకి బస్సెక్కితే చించినాడ వంతెన దాటి, పాలకొల్లు మీదుగా భీమవరంలో కాలేజీ చేరేసరికి ఎనిమిదీ నలభై. సాయంత్రం మళ్లీ అంతే. సఖినేటిపల్లి నుంచి నరసాపురం వచ్చేవాళ్లయితే రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) కోసం నిలబడే సమయం దీనికి అదనం. మధ్యాహ్నం భోజనం గంట, దాన్ని ఆనుకుని ఒక లీజరు, అంటే క్లాసు లేని పీరియడ్. ఇంటికొచ్చాక టీ, ఫోను, అన్నం, మళ్లీ ఫోను. తొమ్మిదింటికి పుస్తకం తెరిస్తే పదింటికి కునికిపాట్లు.

ఇలాంటివాళ్లు టైము లేదంటే అబద్ధం కాదు. వరసగా రెండు గంటలు నిజంగానే దొరకవు. కానీ పది, ఇరవై, నలభై నిమిషాల ముక్కలు కూడితే రోజుకి మూడు గంటలు దాటతాయి. చిక్కేమిటంటే, చాలామంది ఏ ముక్కలో ఏ పని చేయకూడదో సరిగ్గా అదే చేస్తారు. బస్సులో లావుపాటి టెక్స్ట్‌బుక్ తెరుస్తారు, లీజరులో కబుర్లు చెప్పుకుంటారు, ఆదివారం పొద్దున్న తల చురుగ్గా ఉన్న మూడు గంటలూ ల్యాబ్ రికార్డులో బొమ్మలు గీస్తారు. ఈ పాఠంలో చేయాల్సింది ఆ మూడింటినీ తారుమారు చేయడమే.

కాగితం మీద అరగంట లోపు ముక్కలకు ఒక రంగు, అరగంట నుంచి గంటన్నర వరకు ఇంకో రంగు, గంటన్నర దాటినవాటికి మూడో రంగు వేయండి. మూడో రంగు వారానికి రెండు చోట్ల కనిపించినా గొప్పే. ప్రయాణం గంట దాటినా దాన్ని మొదటి రంగులోనే వేయండి. ఎందుకంటే మధ్యలో స్టాపులు, టిక్కెట్లు, సీటు సర్దుకోవడాలు ఉంటాయి, అది అతుకుల గంట.

బస్సులో: జేబు కాగితం

కదిలే బస్సులో చదివితే కొందరికి తల తిరుగుతుంది, కడుపులో వికారం పుడుతుంది. కన్నేమో పేజీ మీద నిలిచి ఉంటుంది, లోపలి చెవేమో ఒళ్లు ఊగుతోందని చెబుతుంది. ఆ రెండింటికీ పొసగకపోవడమే దీనికి కారణం. కాబట్టి బస్సులో చదవొద్దు, గుర్తు తెచ్చుకోండి. గుర్తు తెచ్చుకోవడం చదవడం కన్నా తక్కువ పనేమీ కాదు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, చదివాక చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లే పైచేయి సాధించారు. మన మిడ్లు, అంటే సెమిస్టరు మధ్యలో వచ్చే పరీక్షలు, అయిదు నిమిషాల తర్వాత పెట్టరు కదా.

తయారీ రాత్రి పూట, పది నిమిషాల పని. ఒక ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేయండి. ఒక ముక్క మీద ఆ రోజు పాఠాల్లోంచి అయిదు ప్రశ్నలు, వెనకవైపు అదే వరసలో జవాబులు రాయండి. అయిదు దాటొద్దు. పదిహేను రాసినవాళ్లు మూడో రోజుకి మానేస్తారు. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండాలి, ఒక్క చూపులో ప్రశ్న అందాలి.

ప్రశ్న రాయడంలోనే అసలు నేర్పంతా ఉంది. "బెండింగ్ మూమెంట్ గురించి రాయుము" అనేది పరీక్ష పేపరుకి సరిపోతుంది, జేబుకి పనికిరాదు. దానికి తప్పో ఒప్పో తేలే జవాబు లేదు. "రెండు చివర్లా ఊరికే ఆనించిన, ఎల్ పొడవున్న బీమ్ నడిమధ్య డబ్ల్యూ అనే బరువు పెడితే గరిష్ఠ బెండింగ్ మూమెంట్ ఎంత, ఎక్కడ?" అని రాయండి. జవాబు: డబ్ల్యూ ఎల్ బై నాలుగు, సరిగ్గా మధ్యలో. ఆక్వాకల్చర్ చదివేవాళ్లు "రొయ్యల చెరువు" అని శీర్షిక పెట్టి ఊరుకోకుండా "చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్ ఏ వేళ అడుగంటుతుంది, ఎందుకు?" అని అడగాలి. జవాబు: తెల్లవారుజామున. రాత్రంతా కిరణజన్య సంయోగక్రియ ఉండదు, చెరువులో జీవుల శ్వాస మాత్రం ఆగదు. "ఎందుకు" అన్న ముక్క చేరితే ఒక ప్రశ్న రెండు ప్రశ్నల పెట్టు.

బస్సులో ప్రశ్న ఒకసారి చూసి, తల ఎత్తి, కిటికీలోంచి చూస్తూ జవాబు మనసులో మొత్తం పలకండి. ఆ తర్వాతే కాగితం తిప్పండి. "ఆ, తెలుసులే" అనుకుని తిప్పేయడం దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. తెలిసినట్టు అనిపించడం వేరు, నోటికి రావడం వేరు. రాని ప్రశ్న పక్కన పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టండి. సాయంత్రం బస్సులో ఇంటూలు మాత్రమే చూడండి. వరసగా రెండు రోజులు అయిదూ వచ్చేస్తే ఆ ముక్కను కవరులో వేసి, వారం తర్వాత ఒకసారి తీయండి. మిడ్ నాటికి సబ్జెక్టుకి పది, పన్నెండు ముక్కలు చేరతాయి. పరీక్ష ముందు రాత్రి తిరగేయాల్సింది అవే.

నిలబడి ప్రయాణం చేసే రోజు కాగితం కూడా తీయలేరు. అప్పుడు నిన్నటి క్లాసులో పంతులుగారు బోర్డు మీద రాసిన వరసను మొదటి నుంచి చివరిదాకా తలుచుకోండి, చాలు.

లీజరులో: రికార్డు

ప్రయోగం చేసిన రోజే రికార్డు రాస్తే నలభై నిమిషాలు పట్టేది, వారం ఆగితే గంటన్నర పడుతుంది. రీడింగులో ఆ చుక్క దశాంశమా, కలం మరకా అన్నది అప్పటికి మీకే తెలియదు. అందుకే ల్యాబ్ వదిలే ముందే అబ్జర్వేషన్ పుస్తకం మీద సంతకం చేయించుకోండి, గ్రాఫు అక్కడే టేబుల్ మీద గీసేయండి. పాయింటు లైనుకి దూరంగా పడితే పరికరం ఇంకా ఎదురుగానే ఉంటుంది, మళ్లీ రీడింగు తీసుకోవచ్చు. లీజరులో ఉద్దేశం, విధానం, ఫలితం రాస్తే పని పూర్తి. స్నేహితుడి రికార్డు చూసి దించితే సమయం మిగులుతుందనుకుంటారు గానీ, వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఆ మిగులు వడ్డీతో సహా పోతుంది.

పెద్ద ముక్క: ఆదివారం పొద్దున్న

ఆరు నుంచి తొమ్మిది. లెక్కలు, డెరివేషన్లు, ప్రోగ్రాములు, అంటే సగంలో లేస్తే మళ్లీ మొదటికొచ్చే పనులన్నీ ఇక్కడే. ఏ లెక్కలు చేయాలో శనివారం రాత్రే రాసి పెట్టుకోండి. ఆదివారం కూర్చున్నాక వెతకడం మొదలెడితే మొదటి అరగంట అందుకే పోతుంది. ఫోను వేరే గదిలో ఉండాలి. దీని గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు, చేయడమే కష్టం.

స్వయం వెబ్‌సైటులో ఎన్పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సు తీసుకున్నవాళ్లు వీడియో ముందే డౌన్‌లోడ్ చేసుకుని బస్సులో వినొచ్చు. అసైన్‌మెంటు మాత్రం ఆదివారమే చేయండి. 12 వారాల కోర్సులో బాగా వచ్చిన 8 అసైన్‌మెంట్ల సగటుకి 25 మార్కులు, పరీక్షకి 75. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 విడివిడిగా రావాలి. పరీక్ష బాగా రాసి కూడా అసైన్‌మెంట్ల దగ్గర చతికిలపడేవాళ్లు ఉంటారు. ఒక సెమిస్టరుకి ఒక్క కోర్సు చాలు.

హాజరు నిల్వ, వరద

సమయం మిగుల్చుకోవడానికి క్లాసులు ఎగ్గొట్టడం కూడా ఒక పద్ధతే అనుకునేవాళ్ల కోసం ఈ లెక్క. కాకినాడ జేఎన్టీయూ పరిధిలో బీటెక్‌కి అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం హాజరు ఉండాలి. 65కి, 75కి మధ్య ఉంటే తగిన కారణం చూపి కండొనేషన్, అంటే తగ్గిన హాజరుకి మన్నింపు, అడగొచ్చు, ఇస్తారన్న హామీ లేదు. 65 లోపు పడితే అడిగే వీలే లేదు. మిగతా యూనివర్సిటీలవాళ్లు తమ రెగ్యులేషన్ పుస్తకం చూసుకోవాలి.

జరిగిన క్లాసులను మూడుతో, హాజరైన క్లాసులను నాలుగుతో గుణించండి. మొదటిదే పెద్దదైతే, ఆ తేడా ఎంతో అన్ని క్లాసులు ఒక్కటీ మానకుండా వెళ్తేగానీ 75కి చేరరు. 40 జరిగి 26కి వెళ్తే 120 లోంచి 104 పోను 16. పదహారు వరసగా! రెండోదే పెద్దదైతే ఆ తేడాని మూడుతో భాగించండి, మీ నిల్వ తేలుతుంది. 40కి 36 వెళ్లినవాళ్లకి 144 లోంచి 120 పోను 24, అంటే 8 క్లాసులు.

ఆ ఎనిమిదీ సినిమాకి కాదు. లంక గ్రామాలవాళ్లకి జూలై నుంచి సెప్టెంబరు దాకా ఎప్పుడు దారి మునుగుతుందో తెలియదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. మొదటి హెచ్చరిక వినగానే చేయాల్సినవి ఇవి: మిడ్ దగ్గరలో ఉంటే కాలేజీ ఊళ్లో చుట్టాలింటికో స్నేహితుల గదికో మారిపోవడం, కరెంటు పోకముందే ఫోను నింపుకుని, నోట్సు ఫొటోలు తెప్పించుకోవడం, రికార్డులు, హాల్ టిక్కెట్టు, సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవరులో చుట్టి అటక మీద పెట్టడం. నీళ్లు తీశాక ఊరు మునిగిందని రాయించుకున్న కాగితం కాలేజీలో ఇవ్వండి. నవంబరు, డిసెంబరుల్లో సార్వా కోతలకు ఇంట్లో మనిషి సాయం కావాలంటారు, సంక్రాంతి సెలవులు అయిపోయాక కూడా కోడిపందేల బరి దగ్గర్నుంచి కదలబుద్ధి కాదు. కోతలకి నిల్వ వాడుకోవచ్చు. బరి సంగతి మీ ఇష్టం.

ఈ వారం అభ్యాసం

సోమవారం నుంచి శుక్రవారం దాకా రాత్రికి ఒక జేబు కాగితం, మొత్తం అయిదు. ఈ వారం ల్యాబ్ రికార్డులన్నీ అదే రోజు పూర్తి చేయాలి. అన్ని సబ్జెక్టులూ కలిపి హాజరు నిల్వ లెక్కకట్టి నోట్సు లోపలి అట్ట మీద పెన్సిలుతో రాయండి. శుక్రవారం సాయంత్రానికి ఒక్కో కాగితం మీద ఎన్ని ఇంటూలు మిగిలాయో చూడండి. అయిదింటికి అయిదూ మొదటి రోజే వచ్చేస్తే ప్రశ్నలు మరీ తేలిక, నాలుగు ఇంటూలు పడుతుంటే ప్రశ్న పెద్దదైపోతోంది, దాన్ని రెండుగా విరవండి. ఆ అయిదు కాగితాలూ పారేయకండి, మొదటి మిడ్‌కి ముందు పదిరోజుల ప్రణాళిక వేసే నాలుగో పాఠం వాటితోనే మొదలవుతుంది.