బొమ్మల పుస్తకంలో తన ముఖం – మూడో పాఠం: పేజీ దగ్గర ఆగడం

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. మీ దగ్గరి లైబ్రరీలో నల్లజాతి పిల్లలే ముఖ్యపాత్రలుగా ఉన్న బొమ్మల పుస్తకాలు ఓ పది తీసి, బానిసత్వం, పోరాటాల కథలు ఒక దొంతర, ఆట, స్నానం, అమ్మమ్మ ఇల్లు లాంటి మామూలు రోజుల కథలు ఇంకో దొంతర పెట్టమన్నాను. మొదటి దొంతర అవసరమే. కానీ నాలుగేళ్ల పిల్లకి తనలాంటి వాళ్లు పుస్తకంలో కనిపించినప్పుడల్లా కష్టపడుతూనే కనిపిస్తే ఎలా ఉంటుంది? అందుకే ఈ వారం రెండో దొంతరలోంచి చదువుదాం.

అమెరికాలో డేకేర్‌లోనో, స్కూల్లోనో, లైబ్రరీలోనో ఈ పిల్లలకు కథలు చదివే మన తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను అట్లాంటాలో శనివారాలు వాలంటీర్‌గా చదువుతాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి కుటుంబాల పిల్లలే.

అభ్యాసానికి ఎజ్రా జాక్ కీట్స్ రాసి, బొమ్మలు వేసిన ‘ద స్నోయీ డే’ తీసుకోండి. 1962లో వచ్చింది, 1963లో పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ మెడల్ గెలిచింది. కీట్స్ తెల్లజాతివాడు. నల్లజాతి రచయితలు, చిత్రకారుల పుస్తకాలు వచ్చే పాఠాల్లో వరసగా చదువుతాం. ముందు దీన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. పీటర్ అనే నల్లజాతి పిల్లాడు ఎర్ర స్నోసూట్ వేసుకుని మంచులోకి వెళ్తాడు. పాదాలు బయటికి తిప్పి నడుస్తాడు, లోపలికి తిప్పి నడుస్తాడు. మంచు ముద్ద ఒకటి రేపటికని జేబులో దాచుకుంటాడు. అతని ఒంటి రంగు గురించి కథలో ఒక్క మాట కూడా లేదు. అదంతా బొమ్మలోనే ఉంది. కాబట్టి మాటలు చదివి గబగబా పేజీ తిప్పేస్తే పిల్లలకు అందాల్సింది అందదు.

ఒక శనివారం నేను అదే చేశాను. పీటర్ స్నానం చేసే పేజీ వచ్చింది. స్నోసూట్ లేదు, గోధుమరంగు ఒళ్లు తొట్టిలో కనిపిస్తుంది. ముందు వరసలో కూర్చున్న పాప లేచొచ్చి తన చెయ్యి ఆ పేజీ మీద పెట్టింది. నాకు సంతోషం ఆగలేదు. “నువ్వు ఎంత బావున్నావో!” అనేసి పేజీ తిప్పేశాను. పాప మళ్లీ వెనక్కి తిప్పింది. తను ఇంకా చూస్తోంది. నా పొగడ్త కోసం రాలేదు ఆ పాప, తన చేతినీ ఆ చేతినీ పోల్చి చూసుకోవడానికి వచ్చింది. ఆ రోజు నుంచి ఆ పేజీ దగ్గర నేను నోరు మూసుకుని లోపల ఐదు అంకెలు లెక్కపెడతాను. పేజీ పిల్లలే తిప్పుతారు.

మీరూ అలాగే చేయండి. తర్వాత ఒక్క ప్రశ్న అడగండి: “వీడు ఏం ఆలోచిస్తున్నాడు?” రంగు గురించి మీరుగా అడగొద్దు. పిల్లలే ఎత్తితే మాత్రం మాట తప్పించకండి. “అవును, నీ చెయ్యి బ్రౌన్, పీటర్ చెయ్యి కూడా బ్రౌన్” అని మామూలు గొంతుతో చెప్పండి. దాల్చినచెక్క రంగు, బెల్లం రంగు, కాఫీగింజ రంగు అని పిల్లలతో పేర్లు పెట్టించవచ్చు, వాళ్లకు అదో సరదా. పెద్దవాళ్లు ఇబ్బంది పడి మాట మార్చేస్తే, ఇదేదో చెప్పుకోకూడని విషయం కాబోలని పిల్లలు అనుకుంటారు.

ఒంటి రంగు మీద చిన్నచూపు ఈ వయసులోనే ఎంత లోపలికి వెళ్తుందో 1940ల ప్రాంతంలోనే తేలింది. కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి మనస్తత్వవేత్తల జంట, 3 నుంచి 7 ఏళ్ల పిల్లల ముందు రంగు తప్ప అన్నీ ఒకేలా ఉన్న ఆటబొమ్మలు పెట్టారు. మంచి బొమ్మ ఏదంటే నల్లజాతి పిల్లల్లో ఎక్కువమంది తెల్లదాన్ని చూపించారు. నీలా ఉన్నది ఏదని అడిగేసరికి కొందరు ఏడ్చారు. స్కూళ్లలో జాతుల వేర్పాటు చెల్లదన్న 1954 సుప్రీంకోర్టు తీర్పులో క్లార్క్ పరిశోధన ప్రస్తావన ఉంది.

ఇప్పుడు మన నాలుక సంగతి. “నల్లగా ఉన్నా కళగా ఉంది” అని వింటూ పెరిగినవాళ్లం మనం. ఆ ‘ఉన్నా’ దగ్గరే ఉంది చిక్కంతా. ‘నలుపు నారాయణుడు మెచ్చు’ అన్న సామెత కూడా నాకు ఓదార్పులాగే వినిపిస్తుంది. ఎర్రగా బుర్రగా ఉన్నవాళ్లకు నారాయణుడి సిఫారసు ఎవరూ తేరు కదా! మనం ఇంగ్లీషులో మాట్లాడినా ఈ అలవాటు ‘బట్’గా మారి వచ్చేస్తుంది. పిల్లలు దాన్ని ఇట్టే పట్టేస్తారు.

జుట్టు దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. మనకు పిల్లల తల నిమరడం ప్రేమ. ఇక్కడ నల్లజాతి పిల్లల జుట్టును అడక్కుండా ముట్టుకోవడం అవమానం, దాని వెనక పెద్ద చరిత్ర ఉంది. చెయ్యి వెనక్కి పెట్టుకోండి. జుట్టు తీరుల పేర్లు నేర్చుకోండి: ఆఫ్రో, పఫ్స్, కార్న్‌రోస్, లాక్స్, ట్విస్ట్స్. బొమ్మలో కనిపించినదాన్ని దాని పేరుతో పిలవండి. ‘డిఫరెంట్ హెయిర్’ అనొద్దు. ఇలాంటి జుట్టు మీద స్కూళ్లలో, ఉద్యోగాల్లో వివక్ష చూపకూడదని కాలిఫోర్నియా చట్టం చేసింది 2019లోనే. ఆ విషయంలో రాష్ట్రాల్లో అదే మొదటిది.

మంచి మనసు ఒక్కటే సరిపోదని 1998లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో జరిగిన గొడవ చెబుతుంది. ఉంగరాల జుట్టును మెచ్చుకుంటూ ఒక నల్లజాతి రచయిత్రి రాసిన పుస్తకాన్ని ఒక తెల్లజాతి టీచర్ క్లాసులో చదివింది. పిల్లలకు నచ్చింది. కానీ తల్లిదండ్రుల చేతికి కొన్ని పేజీల జిరాక్సులే చేరాయి. ఒకప్పుడు తిట్టుగా వాడిన మాట పేరులోనే ఉండటంతో కోపం రేగింది, చివరికి ఆ టీచర్ స్కూలు వదిలేసింది. అందుకే జుట్టు పుస్తకాలు చదివే ముందు వారం పుస్తకం మొత్తాన్ని తల్లుల చేతికిస్తాను. ఒక అమ్మమ్మ అయితే తనే చదువుతానంది. నేను పిల్లల్లో కూర్చుని విన్నాను, ప్రతి జడ పేరూ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

ఈ వారం పని: పిల్లలు లేకుండా పుస్తకాన్ని పైకి చదివి ఫోన్‌లో రికార్డ్ చేయండి. స్నానం పేజీ దగ్గర ఎన్ని సెకన్లు ఆగారో చూడండి. ‘బట్’ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. రెండో రోజు మళ్లీ చదవండి. నాకు మొదటిసారి ఆ ఆగడం రెండు సెకన్లే వచ్చింది.

వచ్చే పాఠంలో న్యూయార్క్‌లోని హార్లెమ్ లైబ్రరీకి వెళ్దాం. 1939లో అగస్టా బేకర్ అనే లైబ్రేరియన్ అక్కడ పిల్లల కోసం ఒక ప్రత్యేక అర మొదలుపెట్టింది. ఏ పుస్తకం అందులో ఉండాలి, ఏది ఉండకూడదు అన్నది ఆవిడ ఎలా తేల్చిందో చూద్దాం.