మూత్రాశయం తీసేసే ఆపరేషన్‌కు ముందు పేషెంటుకు తిండి ఎలా పెట్టాలి?

క్యాన్సర్ వచ్చింది, మూత్రాశయం మొత్తం తీసేయాలి అని డాక్టరు చెప్పిన రోజే చాలా ఇళ్లలో పథ్యం మొదలవుతుంది. గుడ్డు వేడి అంటారు, మాంసం అరగదంటారు, పప్పు వాతం అంటారు. చివరికి ఇడ్లీ, బ్రెడ్డు, గంజి మిగులుతాయి. కర్నూలులో డైటీషియన్‌గా పనిచేస్తూ ఏళ్ల తరబడి ఇదే చూస్తున్నాను. దయచేసి పథ్యం పేరుతో మనిషిని పస్తు పెట్టకండి.

ఈ ఆపరేషన్‌లో కోత మూత్రాశయంతో ఆగదు. మూత్రానికి కొత్త దారి కోసం చిన్నపేగులోంచి సుమారు జానెడు ముక్క తీసి, మిగిలిన పేగును మళ్లీ కలిపి కుడతారు. లోపలే కొత్త సంచి కట్టాలంటే ఇంకా ఎక్కువ పేగు కావాలి. ఆ తర్వాత కొన్ని రోజులు పేగు సరిగా కదలదు, తిండి పోదు. కుట్లు అతుక్కోవడానికి ప్రోటీన్ కావాల్సింది సరిగ్గా అప్పుడే. తిండి నుంచి రాకపోతే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది. ముందే నీరసించి ఉన్నవాళ్లకు ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ, మంచం దిగడం ఆలస్యం.

బరువు చూసే మిషన్, ఒక నోటుబుక్కు చాలు. వారానికోసారి పరగడుపున చూసి రాయండి. 60 కిలోల మనిషి ఆరు నెలల్లో 54కి దిగితే డాక్టరుకు వెంటనే చెప్పండి. వారం రెండు వారాలు బలమైన తిండి పెట్టాక ఆపరేషన్ చేయాలా అనేది ఆయన చూస్తారు. కాళ్ల వాపు ఉంటే మిషన్‌ను నమ్మకండి. నేనైతే చేతి గడియారం చూస్తాను. చెయ్యెత్తగానే అది మణికట్టు దాటి కిందికి జారిందంటే కండ పోయినట్టే.

హిమోగ్లోబిన్, ఆల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), షుగర్ రిపోర్టులు దగ్గర పెట్టుకోండి. అన్నం తిన్న వెంటనే టీ వద్దు, ఐరన్ ఒంటబట్టదు. బీడీ, సిగరెట్ ఈ రోజే మానిపించండి.

ఇక ప్రోటీన్. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు, అంటే 60 కిలోలకు 72 నుంచి 90 గ్రాములు. క్రియాటినిన్ ఎక్కువుంటే మాత్రం డాక్టరు చెప్పిన లెక్కే. రెండు గుడ్లతో 12 గ్రాములు, అర లీటరు పాలూ పెరుగుతో 16, వండిన చికెన్ 100 గ్రాములు పెడితే 25, గుప్పెడు శెనక్కాయలకు 7, పప్పుకు 8. మిగతాది అన్నం, రొట్టెల్లో వస్తుంది. సంగటి ముద్ద తిన్నాడు కదా, బలం వస్తుందిలే అనుకోవద్దు. రాగుల్లో కాల్షియం బాగానే ఉంది గానీ 100 గ్రాముల పిండిలో ప్రోటీన్ 7 గ్రాములే. సంగటి పక్కన కోడికూరో, పప్పో, కారం తగ్గించిన ఊరిబిండో (శెనక్కాయ పచ్చడి) ఉండాల్సిందే. వేల రూపాయల పొడి డబ్బాలు కొనేవాళ్లను చూస్తే బాధేస్తుంది. మన అనంతపురం శెనక్కాయ, ఉడికించిన గుడ్డు ఇంట్లో ఉండగా ముందు వాటినే వాడాలి. ఏమీ తినలేని మనిషికే డబ్బా.

కీమో (క్యాన్సర్ మందుల చికిత్స) వల్ల నోరు చేదుగా ఉంటే పళ్లెం నిండా పెట్టి బతిమాలకండి. చిన్న గిన్నెలో ఆరుసార్లు పెట్టండి.

అందరూ పొరబడేది చివరి రాత్రి దగ్గర. రేపు ఆపరేషన్ అనగానే సాయంత్రం నుంచే నోరు కట్టేస్తారు. ఒకసారి ఆదోని వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు ఇంటివాళ్లు ముందురోజు మధ్యాహ్నం నుంచి ఏమీ పెట్టలేదు. ఆపరేషన్ మర్నాడు మూడింటికి జరిగింది. అప్పటికి ఆయన పెదాలు పొక్కులు కట్టి, మాట పెగలడం లేదు. ఆ గదిలోంచి బయటికొచ్చి చాలాసేపు మాట్లాడలేకపోయాను.

మామూలుగా గట్టి తిండి మత్తుకు ఆరు గంటల ముందు వరకు, నూనె పదార్థాలూ మాంసమూ అయితే ఎనిమిది గంటల ముందు వరకు, తేట నీళ్లు రెండు గంటల ముందు వరకు తీసుకోవచ్చు. కానీ ఈ లెక్క మీ అంతట మీరు వేసుకోకండి. మత్తు డాక్టరును ముందురోజే అడిగి, ఆయన చెప్పిన టైము నోటుబుక్కులో రాసుకోండి. షుగర్, కిడ్నీ సమస్య, కడుపు ఉబ్బరం ఉన్నవాళ్లకు ఆ టైము మారుతుంది.

తేట అంటే గ్లాసు అవతల వేలు కనబడాలి. పాలు, మజ్జిగ, రాగి జావ, పాలు పోసిన టీ తేటవి కావు. “ఒక్క గుక్కే కదా” అని పొద్దున టీ తాగిస్తే, మత్తులో కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. పొరపాటున తాగించి ఉంటే దాచొద్దు. ఆపరేషన్ వాయిదా పడినా సరే, నర్సుకు చెప్పేయండి.

ఆఖరుసారి ఏం తీసుకున్నారో, ఎన్ని గంటలకో నోటుబుక్కులో రాసి, దాన్ని థియేటర్ తలుపు దాకా మీ చేతిలోనే ఉంచుకోండి.