వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఇవి చూసుకోండి

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకు రాగానే సీట్లు ఇప్పిస్తామనే వాళ్ల ఫోన్లు మొదలవుతాయి. "మీ అబ్బాయికి సీటు ఖాయం సార్, ముందు అడ్వాన్స్ కట్టండి" అంటారు. తొందరపడి డబ్బు కట్టకండి. కౌన్సెలింగ్‌లో మీకు కావాల్సిన కాలేజీలు, బ్రాంచిలు ఆన్‌లైన్‌లో వరుసగా ఎంచుకోవడమే వెబ్ ఆప్షన్లు పెట్టడం. దానికి ముందు ఇవి చూడండి.

- కాలేజీకి ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర మండలి) అనుమతి ఈ ఏడాదికి ఉందా, మీరు కోరుకున్న బ్రాంచికే ఉందా చూడండి.

- ఎన్‌బీఏ (కోర్సుల నాణ్యత చూసే సంస్థ) గుర్తింపు కాలేజీ మొత్తానికి ఇవ్వరు, కోర్సుల వారీగా ఇస్తారు. బోర్డు మీద ఎన్‌బీఏ అని ఉన్నంత మాత్రాన మీ బ్రాంచికి ఉన్నట్టు కాదు. గడువు కూడా ఉంటుంది, తేదీ అడగండి. న్యాక్ (కాలేజీల నాణ్యత చూసే సంస్థ) ఇచ్చే గ్రేడు మాత్రం సంస్థ మొత్తానికి.

- గత ఏడాది చివరి ర్యాంకుల (ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో చెప్పే) పట్టిక దగ్గర పెట్టుకుని, మీ కేటగిరీ వరుసే చూడండి.

- ప్లేస్‌మెంట్ పోస్టర్‌లో పెద్ద ప్యాకేజీ ఒక్కరిదే కావచ్చు. బ్రాంచిలో ఎంతమందికి వచ్చింది, సగటు జీతం ఎంత అని అడగండి. అన్నిటికంటే నమ్మకమైన మాట అక్కడ మూడో ఏడాది చదువుతున్న పిల్లలదే. గేటు బయట టీ కొట్టు దగ్గర ఓ అరగంట మాట్లాడండి. ల్యాబులు తెరుస్తారా, మాస్టార్లు మధ్యలో మానేస్తున్నారా వాళ్లే చెబుతారు.

- ఫీజు రీయింబర్స్‌మెంట్ పోగా చేతి నుంచి పడేది ఎంత? బస్సు, హాస్టల్, పరీక్ష ఫీజు కలిపి రాయించుకోండి.

- ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలో వదిలేయకండి. పరిశీలించి తిరిగి ఇవ్వాలన్నది యూజీసీ నిబంధన.

- ఆప్షన్ల వరుస పిల్లలతో కూర్చునే పెట్టండి. పాస్‌వర్డ్, ఓటీపీ నెట్ సెంటర్ వాళ్లకు ఇచ్చి రావొద్దు. ఆప్షన్లు ఫ్రీజ్ అయ్యాక, అంటే ఖరారయ్యాక, ప్రింట్ తీసుకోండి.